డాఫ్నీ పేరిట ఒక బహుమతి: దాని వెనక ఉన్న కథ

యూరప్‌లో జర్నలిజం బహుమతులకు కొదవ లేదు. రేడియో, టీవీ కార్యక్రమాలకు ఇచ్చే ప్రి ఇటాలియా 1948 నుంచి ఉంది. అభివృద్ధి, మానవ హక్కుల గురించి రాసేవాళ్లకు యూరోపియన్ కమిషన్ 1992 నుంచి లొరెంజో నటాలి బహుమతి ఇస్తోంది. ఇవన్నీ మంచి పనిని మెచ్చుకోవడానికి పెట్టినవి. యూరోపియన్ పార్లమెంటు 2021 నుంచి ఏటా అక్టోబర్‌లో ఇస్తున్న డాఫ్నీ కరువానా గలీట్సియా బహుమతి మాత్రం ఒక హత్య తర్వాత పుట్టింది. డాఫ్నీ మాల్టా జర్నలిస్టు. అక్టోబర్ ఆమెను చంపిన నెల. ఈ బహుమతి ఎవరికి వచ్చిందో వార్తల్లో రెండు లైన్లలో చెప్పేసి వదిలేస్తారు. ఎందుకు పెట్టాల్సి వచ్చిందో తెలిస్తేనే ఆ రెండు లైన్లకు అర్థం ఉంటుంది.

మాల్టా మధ్యధరా సముద్రంలో చిన్న ద్వీప దేశం. 2017లో దాని జనాభా ఐదు లక్షల లోపే. అంత చిన్న చోట మంత్రి, కాంట్రాక్టర్, పోలీసు అధికారి, పత్రికా సంపాదకుడు ఒకరికొకరు తెలిసినవాళ్లే అయి ఉంటారు. ఎవరి గురించి రాసినా రేపు ఏదో పెళ్లిలోనో చర్చిలోనో ఎదురుపడాల్సిందే. అలాంటి దేశంలో డాఫ్నీ 1990 నుంచి తన సొంత పేరుతో రాజకీయ కాలమ్ రాసింది. అప్పటికి అక్కడ అది అరుదైన విషయం. 2008లో సొంత బ్లాగు మొదలుపెట్టింది. కొన్ని రోజులైతే దాన్ని చదివేవాళ్ల సంఖ్య దేశంలోని పత్రికలన్నిటి సర్క్యులేషన్‌ని మించిపోయేది.

దానికి ప్రతిఫలం కూడా చూసింది. 1990ల్లో ఇంటి తలుపుకు నిప్పు పెట్టారు. పెంపుడు కుక్కల్ని చంపారు. 2006లో ఇంటివాళ్లు నిద్రలో ఉండగా ఇంటి వెనక టైర్లు పేర్చి తగలబెట్టారు.

2016 ఫిబ్రవరిలో ఆమె రాసిన కథనం ప్రభుత్వాన్నే కుదిపేసింది. ఇంధన మంత్రి కొన్రాడ్ మిజ్జికి, ప్రధాని కార్యాలయ ప్రధాన అధికారి కీత్ షెంబ్రికి పనామాలో రహస్య కంపెనీలు ఉన్నాయని బయటపెట్టింది. రెండు నెలల తర్వాత పనామా పేపర్లు, అంటే రహస్య కంపెనీల గుట్టు విప్పిన లీకైన పత్రాలు, వెలువడినప్పుడు అది నిజమేనని తేలింది. పనామాలోని మూడో కంపెనీ ప్రధాని జోసెఫ్ మస్కట్ భార్యదని 2017లో రాసింది. దాన్ని ఆ దంపతులు ఖండించారు. 2018లో ముగిసిన న్యాయ విచారణలో అందుకు ఆధారం దొరకలేదు. ఆమె రాసిన ప్రతి మాటా రుజువైందని చెప్పడం ఆమెకు గౌరవం కాదు. అయినా పత్రికలో వచ్చినదాన్ని కాదనడానికి కోర్టు ఉంది, ఖండన ఉంది. కారులో బాంబు పెట్టడానికి ఏ సాకూ సరిపోదు.

ఈ కథలో బాంబు కన్నా ముందు చూడాల్సింది కేసులే అని నా నమ్మకం. చనిపోయేనాటికి ఆమె మీద 40కి పైగా పరువు నష్టం కేసులు నడుస్తున్నాయి. ఒక హోటల్ వ్యాపారి ఒక్కడే ఒక వ్యవహారం మీద 19 కేసులు వేశాడు. 2017 ఫిబ్రవరిలో ఒక మంత్రి, ఆయన సలహాదారు కోర్టు ఉత్తర్వులతో ఆమె బ్యాంకు ఖాతాలు స్తంభింపజేశారు. లండన్ లా ఫర్మ్‌ల నుంచి నోటీసులు వచ్చేవి. ఇలాంటి కేసులు వేసేవాళ్లకు గెలవాలన్న తొందర ఉండదు. రాసేవాళ్లను వాయిదాలతో, లాయర్ ఫీజులతో, టెన్షన్‌తో అలిసిపోయేలా చేస్తే చాలు. యూరప్‌లో వీటిని స్లాప్ కేసులు అంటారు. ఆమె చనిపోయాక కూడా చాలా కేసులు ఆగలేదు, వారసుల మీద కొనసాగాయి. భర్త, ముగ్గురు కొడుకులు ఆమె అంత్యక్రియలతో పాటు ఆమె కోర్టు వాయిదాలూ మోయాల్సి వచ్చింది.

2017 అక్టోబర్ 16 మధ్యాహ్నం ఆమె పెట్టిన చివరి పోస్టు చివర, ఇప్పుడు ఎటు చూసినా మోసగాళ్లే ఉన్నారని, పరిస్థితి ఘోరంగా ఉందని రాసింది. తర్వాత అరగంట లోపే బిద్నియాలోని ఇంటి దగ్గర ఆమె కారు పేలిపోయింది. ఆమెకు 53 ఏళ్లు. పేలుడు విని ఇంట్లోంచి పరుగెత్తుకుంటూ వచ్చినవాడు పెద్ద కొడుకు మాథ్యూ. అతనూ జర్నలిస్టే. పనామా పేపర్లను వెలికితీసిన బృందంలో పనిచేశాడు.

ఇక్కడి నుంచి కథ మారింది. హత్యకు గురైన, జైలు పాలైన జర్నలిస్టుల పనిని కొనసాగించడానికి ఫ్రాన్స్‌లో ఏర్పడిన ఫర్బిడెన్ స్టోరీస్ సంస్థ 15 దేశాల నుంచి 18 వార్తా సంస్థలను, 45 మంది జర్నలిస్టులను కూడగట్టి, 2018 ఏప్రిల్‌లో డాఫ్నీ ప్రాజెక్ట్ పేరుతో కథనాలు ప్రచురించింది. డాఫ్నీ 17 బ్లాక్ అనే దుబాయ్ కంపెనీ పేరును 2017లోనే రాసింది, కానీ దాని వెనక ఎవరున్నారో తెలుసుకోలేకపోయింది. ఆ పనామా కంపెనీలకు డబ్బు 17 బ్లాక్ నుంచి రావాల్సి ఉందని ఈ బృందం చూపించింది. దాని యజమాని మాల్టా వ్యాపారవేత్త యోర్గెన్ ఫెనెక్ అని 2018 నవంబర్‌లో కథనాలు వచ్చాయి. సరిగ్గా ఏడాదికి, 2019 నవంబర్‌లో, హత్య కేసులో ఫెనెక్‌ను పోలీసులు అరెస్టు చేశారు. ఆయన ఆ ఆరోపణను ఖండిస్తున్నారు. రోజుల తరబడి వీధుల్లో నిరసనలు జరిగాక ప్రధాని మస్కట్ రాజీనామా ప్రకటించారు.

బాంబు పెట్టిన ముగ్గురిలో ఒకరికి 15 ఏళ్లు, ఇద్దరు అన్నదమ్ములకు 40 ఏళ్ల చొప్పున శిక్ష పడింది. బాంబు సమకూర్చిన ఇద్దరికి 2025లో యావజ్జీవం పడింది. శిక్షకు భయపడక్కర్లేదన్న వాతావరణాన్ని ప్రభుత్వమే కల్పించిందని, ఈ హత్యకు రాజ్యం బాధ్యత వహించాలని 2021 జులైలో ముగ్గురు న్యాయమూర్తుల బహిరంగ విచారణ తేల్చింది.

బహుమతిని యూరోపియన్ పార్లమెంటు 2020 అక్టోబర్ 16న, ఆమె మూడో వర్ధంతి రోజున ప్రకటించింది. మొత్తం 20 వేల యూరోలు. విజేతను రాజకీయ నాయకులు కాకుండా, పత్రికా రంగం, పౌర సంఘాల నుంచి వచ్చిన స్వతంత్ర జ్యూరీ ఎంపిక చేస్తుంది. విజేతల పేర్లు వరసగా చూస్తే ఒక సంగతి కనిపిస్తుంది. చాలావరకు ఇది ఉమ్మడి పనికే దక్కుతోంది. 2023లో, గ్రీస్‌లోని పైలోస్ దగ్గర సముద్రంలో 600 మందికి పైగా వలసదారులు మునిగిపోయిన ఘటనలో గ్రీస్ తీర రక్షక దళం పాత్రను బయటపెట్టిన సోలమన్, ఫోరెన్సిస్, జర్మనీ ప్రజా ప్రసార సంస్థ ఏఆర్‌డీ, గార్డియన్ పత్రిక కలిసిన బృందానికి వచ్చింది. 2024లో, యూరప్ చేరాక కనిపించకుండా పోయిన 51,433 మంది ఒంటరి వలస పిల్లల లెక్క తీసిన లాస్ట్ ఇన్ యూరప్ బృందానికి ఇచ్చారు. డాఫ్నీని అంత తేలిగ్గా గురిపెట్టగలిగింది ఆమె ఒక్కతే రాస్తోంది కాబట్టి. అదే విషయాన్ని 40 మంది రాస్తుంటే ఒకరిని చంపినా కథనం ఆగదు. జ్యూరీ ఆ మాట పైకి చెప్పినా చెప్పకపోయినా, ఈ ఎంపికల్లో నాకు కనిపించే అర్థం ఇదే.

మొదటి బహుమతి మనకూ సంబంధం ఉన్నదే. 2021 అక్టోబర్ 14న దాన్ని పెగసస్ ప్రాజెక్ట్ అనే జర్నలిస్టుల ఉమ్మడి పరిశోధనకు ఇచ్చారు. ఫోన్లలోకి చొరబడే ఇజ్రాయెల్ స్పైవేర్ పెగసస్‌తో నిఘాకు ఎంచుకున్నట్టు అనుమానించిన 50 వేల ఫోన్ నంబర్ల జాబితాలో 40 మందికి పైగా భారతీయ జర్నలిస్టులవి ఉన్నాయని మన దేశంలో ఆ ప్రాజెక్ట్ భాగస్వామి ది వైర్ రాసింది. బహుమతి ఇచ్చిన 13 రోజులకు, జాతీయ భద్రత మాట ఎత్తినంత మాత్రాన ప్రభుత్వాన్ని ప్రశ్నించకుండా వదిలేయలేమంటూ మన సుప్రీంకోర్టు సాంకేతిక కమిటీ వేసింది. ఆ ధర్మాసనానికి నేతృత్వం వహించింది జస్టిస్ ఎన్.వి.రమణ. అప్పటి కృష్ణా జిల్లా పొన్నవరంలో పుట్టి, లాయర్ కాకముందు ఈనాడులో జర్నలిస్టుగా పనిచేసిన మనిషి. కమిటీ పరీక్షించిన 29 ఫోన్లలో ఐదింట్లో మాల్వేర్ దొరికింది గానీ, అది పెగససే అని తేలలేదు. ప్రభుత్వం సహకరించలేదని కమిటీ చెప్పినట్టు 2022 ఆగస్టులో కోర్టే వెల్లడించింది.

యూరప్‌లో బహుమతితో పాటు చట్టమూ వచ్చింది. నోరు నొక్కే కేసుల నుంచి రక్షణ కోసం డాఫ్నీ చట్టం అని పిలిచే ఆదేశాన్ని యూరోపియన్ యూనియన్ 2024 ఏప్రిల్‌లో ఆమోదించింది. ఆధారం లేని కేసును మొదట్లోనే కొట్టేయమని అడగొచ్చు, ఖర్చులు కేసు వేసినవాళ్ల చేతే కట్టించొచ్చు. సభ్య దేశాలు తమ చట్టాల్లో చేర్చుకోవడానికి 2026 మే 7 గడువు పెట్టారు. అయితే ఇది ఒకటికి మించిన దేశాలతో ముడిపడ్డ సివిల్ కేసులకే పరిమితం. డాఫ్నీ మీద వచ్చినవి ఎక్కువగా మాల్టావాళ్లు మాల్టా కోర్టుల్లో వేసినవి. ప్రతి దేశమూ దేశీయ కేసులను కూడా కలుపుకునేలా సొంత చట్టాన్ని విస్తరిస్తే తప్ప, ఆమె పేరుతో పిలిచే చట్టం ఆమె ఎదుర్కొన్న కేసుల్లో చాలావాటికి వర్తించదు.