చెరువు మట్టి నలుపు, నల్లా నీళ్ల తేట: కొన్ని అపోహలు, వాస్తవాలు

నల్లగొండలో మట్టి, నీళ్లు పరీక్షించడం నా పని. ఎండాకాలం వచ్చిందంటే బల్ల మీద సగం కవర్లు చెరువు పూడికవే. 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పటి నుంచి ఆ మట్టిని చెల్కల్లోకి తోలుకునేవాళ్లు పెరిగారు. కవరు ముడి విప్పకముందే ఒక మాట వినపడుతుంది: "సూడుండ్రి సార్, ఎంత నల్లగున్నదో. ఇగ ఎరువెందుకు?"

అపోహ: మట్టి ఎంత నల్లగా ఉంటే అంత సారం.

తడిగా తెచ్చిన పూడికలో ఆ నలుపు చాలాసార్లు ఆకులూ నాచూ కుళ్లి తయారైన సేంద్రియ పదార్థానిది కాదు. చెరువు అడుగున గాలి ఆడదు. అక్కడి సూక్ష్మజీవులు ఆక్సిజన్ దొరక్క సల్ఫేటుతో బతుకుతూ సల్ఫైడును వదులుతాయి. మట్టిలోని ఇనుము దాంతో కలిస్తే ఐరన్ సల్ఫైడ్. కాటుకలాంటి నలుపు దానిదే. ఇంట్లోనే చూడొచ్చు. తడి ముద్దను పేపరు మీద పెట్టి నీడలో వదిలేయండి. పైపొర మెల్లగా గోధుమ రంగుకు తిరుగుతుంది, విరిచి చూస్తే లోపల ఇంకా నలుపే. ల్యాబులో అయితే ఒక చుక్క హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేస్తాం, కుళ్లిన కోడిగుడ్డు వాసన గుప్పుమంటుంది.

ఈ నలుపు నన్నూ ఒకసారి బోల్తా కొట్టించింది. సేంద్రియ కర్బనం కొలిచేది 1934 నాటి వాక్లీ-బ్లాక్ పద్ధతిలో. ఒక గ్రాము మట్టికి కర్బనాన్ని కాల్చే రసాయనం డైక్రోమేటు 10 మిల్లీలీటర్లు, 20 మిల్లీలీటర్ల గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం పోసి, అరగంట ఆగి, మిగిలిన డైక్రోమేటును టైట్రేషన్‌తో, అంటే మరో ద్రావణం చుక్కచుక్కగా వదులుతూ, లెక్కగడతాం. ఊదా రంగు కాస్తా ఒక్క చుక్కతో ఆకుపచ్చకు మారాలి. ఖర్చయిన డైక్రోమేటంతా కర్బనం తిన్నదేనని ఈ పద్ధతి నమ్మకం. కానీ సల్ఫైడూ, ఫెర్రస్ ఇనుమూ కూడా దాన్ని తింటాయి. కొత్తలో ఒక రైతు తొందరపెడితే సరిగా ఆరని మట్టినే పరీక్షించి, కర్బనం "ఎక్కువ" అని రాసిచ్చాను. అనుమానమొచ్చి అదే మట్టిని వారం ఆరబెట్టి మళ్లీ చేస్తే "తక్కువ" గడిలోకి పడింది. 0.5 శాతం లోపు తక్కువ, 0.75 దాటితే ఎక్కువ. మళ్లీ ఫోన్ చేసి చెప్పడానికి సిగ్గేసింది, చెప్పాను.

అట్లాగని తోలుకోవద్దనడం లేదు. పూడికలో అసలు విలువ బంకమట్టిది. ఎర్ర చెల్కలో నీరు నిలవదు, బంక కలిస్తే రెండు తడుల మధ్య కాస్త ఊపిరి దొరుకుతుంది. ఎరువు లెక్క వేరు.

అపోహ: హ్యూమిక్ పోస్తే నేలలో కర్బనం పెరుగుతుంది.

బత్తాయి తోటలవాళ్లు తప్పకుండా అడిగే ప్రశ్న. హ్యూమిక్ అంటే కుళ్లిన సేంద్రియంలో ఉండే ఆమ్లం, దాన్ని ద్రావణంగా అమ్ముతారు. ఎకరం నేలలో పైన 15 సెంటీమీటర్ల మట్టి దాదాపు 900 టన్నులు. అందులో కర్బనం అర శాతమే ఉన్నా నాలుగున్నర టన్నులు. మీరు పోసేది 12 శాతం ద్రావణం ఒక లీటరైతే, అందులో హ్యూమిక్ 120 గ్రాములు. వేరుకు కొంత ఊతమిస్తుందేమో గానీ కర్బనం పెంచడం దానివల్ల కాదు. ఆ పని పశువుల ఎరువుదీ, జీలుగదీ.

ఇంకో చిక్కుంది. హ్యూమిక్ ఆమ్లం క్షారంలో కరుగుతుంది, ఆమ్లం తగిలితే ముద్దకడుతుంది. డ్రిప్పు కడగడానికి ఆమ్లం ఎక్కించి, వెంటనే అదే పైపులోకి హ్యూమిక్ వదిలితే డ్రిప్పర్లు మూసుకుపోతాయి. మన బోరు నీళ్లలో కాల్షియం ఎక్కువుంటే అదీ ముద్దకట్టిస్తుంది. ముందు సీసాలో మీ బోరు నీళ్లతోనే కలిపి, గంటాగి అడుగు చూడండి.

అపోహ: బురద తేరితే నీళ్లు శుభ్రం.

వానాకాలం చెరువులో ఎర్రదనం మట్టిది. పటికతోనో చిల్లగింజ గంధంతోనో పేరుకుని అడుక్కి దిగుతుంది. ఆ నీళ్లను 0.45 మైక్రాన్ల ఫిల్టరులో వడకట్టినా ఒక్కోసారి పలచని డికాక్షన్ ఛాయ మిగులుతుంది. ఆకూ అలమూ నానిన కషాయమది, కరిగిపోయిన సేంద్రియం. కాచినా పోదు. చిల్లగింజ తన రసాన్ని కూడా కొంత కలుపుతుంది. పటికే మోతాదు చూసి వేస్తే ఆ ఛాయలో చాలా భాగాన్ని పట్టుకుపోతుంది.

అపోహ: క్లోరిన్ కలిపితే విషమవుతుంది, మానేయడమే మేలు.

సగం నిజం ఉండటంతో ఇది గట్టిగా పాతుకుపోయింది. క్లోరిన్ ఈ కషాయంతో కలిస్తే క్లోరోఫామ్ లాంటివి పుడతాయి. 1974లో రోటర్‌డామ్‌లో రూక్ అనే రసాయన శాస్త్రవేత్త దీన్ని బయటపెట్టాడు. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 క్లోరోఫామ్‌కు లీటరుకు 0.2 మిల్లీగ్రాముల హద్దు పెట్టింది. కానీ క్లోరిన్ ఆపితే వచ్చే వాంతులు, విరేచనాలు రేపే వస్తాయి. ముందు పటికతో సేంద్రియాన్ని దించి, తర్వాత క్లోరిన్ వేయడమే పద్ధతి.

ఊళ్లలో నేను ఎక్కువగా చూసే తిప్పలు దీనికి తలకిందులు. వేపాకు రాలి నానిన ట్యాంకులో పొద్దున బ్లీచింగ్ వేస్తారు, మధ్యాహ్నానికి, మిగిలిన క్లోరిన్‌ను పసుపు రంగుతో చూపే క్లోరోస్కోపులో ఆ పసుపు జాడే ఉండదు. క్లోరిన్‌ను ఆకే తినేసింది. నల్లా దగ్గర లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ అయినా మిగలాలి. డోసు పెంచే ముందు ట్యాంకు కడగండి.

అపోహ: టీడీఎస్ తక్కువుంటే అన్నీ బాగున్నట్టే.

టీడీఎస్ అంటే నీళ్లలో కరిగినవాటి మొత్తం. కానీ ఆ మీటరు కొలిచేది నీళ్లలో కరెంటు ఎంత పారుతుందో మాత్రమే. ఫిల్టర్ నీళ్ల గ్లాసులో మీటరు ముంచి అంకె చూడండి. రెండు చెంచాల చక్కెర కలిపి మళ్లీ ముంచండి. అంకె పెద్దగా కదలదు. ఆకుల కషాయమూ అంతే, ఆ మీటరుకు పెద్దగా కనపడదు.