తోడిపెళ్ళికూతురి గౌను, తగ్గుతున్న బరువు: సైజు గురించి అపోహలు - వాస్తవాలు

డాలస్ శివార్లలో పెళ్ళి దుస్తులను ఒంటికి సరిపోయేలా దిద్దడం నా వృత్తి. అమెరికన్ స్నేహితురాలి పెళ్ళిలో తోడిపెళ్ళికూతురిగా, అంటే బ్రైడ్స్‌మెయిడ్‌గా నిలబడమని పిలుపు అందుకున్న తెలుగు అమ్మాయిలు తరచుగా నా దగ్గరకు వస్తుంటారు. వారిలో చాలామంది సరిగ్గా అదే సమయంలో బరువు తగ్గే ప్రయత్నంలో ఉంటారు. పెళ్ళికూతురు రంగునూ కంపెనీనీ ఖాయం చేసి, ఫలానా తేదీలోగా అందరూ ఆర్డరు పెట్టాలని చెబుతుంది. పెళ్ళికి ఇంకా ఆరు నెలలుంటుంది. గౌను ఇప్పటి ఒంటికి కొనాలా, అప్పటికి ఉండబోయే ఒంటికి కొనాలా అన్న సందేహం అక్కడ మొదలవుతుంది. నేను చెప్పేది ఇది: సైజును ఇవాళ్టి కొలతకే తీసుకోండి, తగ్గబోయే బరువు కోసం చేయవలసిన ఏర్పాటంతా గౌను నమూనాను ఎంచుకోవడంలో చేయండి. ఇందుకు అడ్డువచ్చే నమ్మకాలు కొన్ని ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటిగా చూద్దాం.

అపోహ: చిన్న సైజు కొంటే ఆ పట్టుదలతోనైనా తగ్గుతాను, తగ్గకపోతే కుట్లు విప్పించుకోవచ్చు.

వాస్తవం: ఈ నమ్మకం మనకు జాకెట్ల వల్ల వచ్చింది. మన ఊళ్ళలో జాకెట్టు కుట్టే టైలరు పక్క కుట్టు లోపల ఒకటిన్నర, రెండు అంగుళాల గుడ్డను వదిలి, దాని మీద రెండు మూడు కుట్లు వరుసగా వేసి ఇస్తాడు. ఒళ్ళు వస్తే ఒక కుట్టు విప్పుతాం, తగ్గితే మరొకటి వేస్తాం. పెళ్ళినాటి జాకెట్టును పిల్లలు పుట్టిన తర్వాత కూడా తొడుక్కోగలగడానికి కారణం ఆ లోపలి గుడ్డే. ఫ్యాక్టరీలో తయారయ్యే గౌనుకు ఆ సౌకర్యం ఉండదు. చాలావాటిలో కుట్టు లోపల అర అంగుళమే మిగులుతుంది, కొన్ని కంపెనీలు మాత్రం అంగుళం వదులుతాయి. అర అంగుళంలో పావు అంగుళమైనా ఉంచకపోతే కుట్టు నిలవదు కాబట్టి, ముందు వెనుక భాగాల్లో ఒక్కోదానికి పావు అంగుళం చొప్పున, రెండు పక్కలా కలిపి మహా అయితే ఒక అంగుళం వదులు చేయగలను. అంటే దాదాపు ఒక సైజు మాత్రమే. అది కూడా గుడ్డ ఒప్పుకుంటేనే, ఎందుకంటే శాటిన్‌లో పాత కుట్టు విప్పిన చోట సూది గుచ్చిన చుక్కలు ఇస్త్రీ చేసినా పోకుండా వరుసగా కనిపిస్తూనే ఉంటాయి.

గౌను బొత్తిగా పట్టనప్పుడు మిగిలేది ఒక మార్గం: వెనుక జిప్పును తీసేసి, రెండు అంచులకూ ఉచ్చులు కుట్టి, మధ్యలో అదే రంగు గుడ్డ ముక్కను అడ్డుపెట్టి, తాళ్ళతో బిగించేలా మార్చడం. ఇది అందంగానే ఉంటుంది కానీ, మిగతా బ్రైడ్స్‌మెయిడ్ల గౌన్ల పక్కన వేరుగా కనిపిస్తుంది, ఖర్చు కూడా గౌను ధరలో గణనీయమైన భాగాన్ని మింగేస్తుంది. కొన్ని కంపెనీలు అదే గుడ్డను గజాల లెక్కన అమ్ముతాయి. మీకు ఏమాత్రం సందేహం ఉన్నా, గౌనుతో పాటే ఒక గజం తెప్పించి పెట్టుకోవడం మంచిది.

పట్టుదల విషయానికి వస్తే, అలమారలో వేలాడుతున్న చిన్న గౌను ఎవరినైనా సన్నబరిచిందేమో కానీ, నా దగ్గరకు వచ్చినవారిలో అది ఎక్కువగా చేసింది భయపెట్టడమే.

అపోహ: షాపులో నేను వేసుకునేది 6, తగ్గుతున్నాను కాబట్టి ఇక్కడ 4 సరిపోతుంది.

వాస్తవం: పెళ్ళి దుస్తుల అంకెలు వేరు, మామూలు షాపు బట్టల అంకెలు వేరు. అమెరికాలో ఆడవారి బట్టలకు ప్రభుత్వం 1958లో ఒక ప్రామాణిక కొలతల పట్టికను ప్రచురించింది. అందులో 8వ సైజు అంటే 31 అంగుళాల ఛాతీ, 23½ అంగుళాల నడుము. ఇవాళ షాపుల్లో 0 అని రాసి అమ్మే బట్టలు కూడా అంతకంటే వదులుగానే ఉంటాయి. కొనుగోలుదారు చిన్న అంకెను చూసి సంతోషపడుతుందని కంపెనీలు ఏళ్ళ తరబడి అంకెను కిందికి జరుపుతూ వచ్చాయి. ఆ ప్రమాణాన్ని కూడా 1983లో ఉపసంహరించారు. పెళ్ళి గౌన్లు మాత్రం ఈ జరుగుడుకు అంతగా లోనుకాకుండా పాత అంకెలకు కాస్త దగ్గరగా ఉండిపోయాయి. అందువల్ల షాపులో 6 వేసుకునే అమ్మాయికి ఇక్కడ 8, ఒక్కోసారి 10 రావడం సహజం. దాన్ని ఒళ్ళు పెరిగిందనడానికి రుజువుగా తీసుకుని కుంగిపోనవసరం లేదు. అంకెను మరచిపోయి, ఆ కంపెనీ ఇచ్చిన పట్టికలో ఛాతీ, నడుము, తుంటి కొలతలను మాత్రమే చూడండి. మూడూ మూడు వేర్వేరు సైజుల్లో పడితే, అన్నింటిలో పెద్దదాన్ని తీసుకోండి; మిగతా రెండు చోట్లా లోపలికి తీయించుకోవచ్చు. సైజు చీటీ మరీ బాధపెడుతుంటే చెప్పండి, మొదటి ఫిట్టింగులోనే కత్తిరించి ఇస్తాను.

అపోహ: నా కొలతలు నాకు తెలుసు, ఆది జాకెట్టు కూడా ఉంది.

వాస్తవం: ఆది జాకెట్టు జాకెట్టుకు పనికొస్తుంది కానీ గౌనుకు పనికిరాదు. అంతకంటే పెద్ద చిక్కు నడుము దగ్గర వస్తుంది. మన అమ్మాయిలు నడుము కొలత అడిగితే లంగా బొందు కట్టుకునే చోట, అంటే బొడ్డుకు కిందుగా టేపు పెడతారు. పట్టికలో అడిగే నడుము బొడ్డుకు కాస్త పైన, మొండెం అన్నింటికంటే సన్నగా ఉండే చోటు. పక్కకు వంగితే ఎక్కడ మడత పడుతుందో అక్కడ. ఈ రెండింటి మధ్య రెండు మూడు అంగుళాల తేడా రావచ్చు. తుంటి కొలతను దాదాపు ఎనిమిది అంగుళాలు కిందికి వెళ్ళి, అన్నింటికంటే నిండుగా ఉన్నచోట తీసుకోవాలి. టేపు నేలకు సమాంతరంగా ఉండాలి, మరొకరు పట్టుకోవాలి, గౌను లోపల ఏ బ్రా వేసుకుంటారో అదే వేసుకుని ఛాతీ కొలవాలి. పొట్టను లోపలికి లాక్కుని కొలిపించుకున్న కొలతతో కొన్న గౌనులో భోజనానికి కూర్చోవడం కష్టం.

అపోహ: పది పౌండ్లు తగ్గితే ఒక సైజు తగ్గుతుంది.

వాస్తవం: ఇది నోటిమాటగా తిరిగే లెక్క. పది పౌండ్లు, అంటే నాలుగున్నర కిలోలు, ఐదడుగుల మనిషి ఒంట్లో కనిపించినట్టు ఐదడుగుల ఎనిమిది అంగుళాల మనిషి ఒంట్లో కనిపించవు. సైజుల మధ్య దూరం కూడా అన్నిచోట్లా ఒకటి కాదు: 10 దాకా సైజుకూ సైజుకూ సాధారణంగా ఒక అంగుళం తేడా, 12 నుంచి ఒకటిన్నర, ప్లస్ సైజుల్లో రెండు. కాబట్టి పెద్ద సైజుల్లో ఉన్నవారు ఒక సైజు దిగడానికి ఎక్కువ తగ్గాలి. మొదటి రెండు వారాల్లో త్రాసు మీద పడిపోయే బరువులో చాలాభాగం నీరే, దాన్ని చూసి ముందున్న నెలలను లెక్కకట్టకూడదు. అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ నిలకడైన తగ్గుదలగా చెప్పేది వారానికి ఒకటి నుంచి రెండు పౌండ్లు.

టైలరుకు ముఖ్యమైన సంగతి ఎంత తగ్గారన్నది కంటే, ఎక్కడ తగ్గారన్నది. చాలామందికి ముఖమూ ఛాతీ ముందు తగ్గి, పొట్టా తుంటీ ఆలస్యంగా తగ్గుతాయి. భుజాల వెడల్పును, పక్కటెముకల గూడును నిర్ణయించేవి ఎముకలు. బరువు తగ్గినంత మాత్రాన అవి చిన్నవి కావు. రెండు సైజులు చిన్న గౌను కొన్న అమ్మాయి నడుము దగ్గర గెలిచినా, చంక దగ్గర ఓడిపోవడం ఇందువల్లే.

అపోహ: పెద్ద సైజు కొంటే ఎంతైనా లోపలికి తీయించుకోవచ్చు.

వాస్తవం: రెండు సైజుల దాకా సాధారణంగా ఇబ్బంది ఉండదు. అది దాటితే గౌను తన ఆకారాన్ని కోల్పోతుంది: పక్క కుట్లు ముందుకో వెనక్కో జరుగుతాయి, ఛాతీ టక్కులు చంక కిందికి చేరతాయి, మెడ దగ్గర గుడ్డ నోరు తెరుస్తుంది. అప్పుడు చేయవలసింది లోపలికి తీయడం కాదు, పైభాగమంతా విడదీసి మళ్ళీ కత్తిరించడం. ‘తగ్గుతానో లేదో, ఎందుకైనా మంచిది’ అని ఇవాళ్టి కొలత కంటే కూడా పెద్దది కొనేవారు ఈ తిప్పలు కోరి తెచ్చుకుంటారు.

నమూనాను చూసి ఎంచుకోమన్నది ఇందుకే. ఛాతీ కిందనుంచి జారే ఎంపైర్ తరహా షిఫాన్ గౌను, ఒక వైపు మీద మరో వైపు మడిచి కట్టుకునే ర్యాప్ గౌను, వెనుక తాళ్ళతో బిగించేది, భుజాల మీద పట్టీలు ఉన్నది, సాగే క్రేప్‌తో చేసినది, ఇవన్నీ మారుతున్న ఒంటిని సహిస్తాయి. పట్టీలుంటే వెనుకనుంచి అర అంగుళం ఎత్తి కుట్టినా మెడ సరిపోతుంది. పట్టీలు లేని గౌను బరువంతా ఛాతీ, నడుము పట్టు మీదే ఆగుతుంది. లోపల పుల్లలు, కప్పులు కుట్టి ఉండే అలాంటి గౌనులో ఛాతీ అంగుళం తగ్గితే చాలు, కప్పులు ఖాళీగా నిలబడి గౌను జారడం మొదలవుతుంది. నిండా చమ్కీలున్నదాన్ని లోపలికి తీయాలంటే కుట్టు దారిలోని చమ్కీలను చేత్తో ఒక్కొక్కటిగా ఊడదీసి, కుట్టిన తర్వాత ఖాళీలను మళ్ళీ నింపాలి. గుడ్డను ఏటవాలుగా కత్తిరించి చేసిన పలుచని శాటిన్ గౌను చూడటానికి అతి సాధారణంగా ఉంటుంది కానీ, పక్క కుట్టును కదిపితే అక్కడ అలలు లేస్తాయి. బరువు తగ్గుతున్నవారు దాన్ని కోరుకుంటే నేను వద్దనే చెబుతాను. ఈ రోజుల్లో చాలామంది పెళ్ళికూతుళ్ళు రంగు మాత్రమే తాము చెప్పి, నమూనాను ఎవరికి నచ్చింది వారు తీసుకోమంటున్నారు. అలా అన్నప్పుడు ఆ అవకాశాన్ని వదులుకోకండి.

అపోహ: ఇంజెక్షను తీసుకుంటున్నాను, తగ్గడం ఖాయం.

వాస్తవం: వెగోవీ అనే ఇంజెక్షనును అమెరికాలో బరువు తగ్గించడం కోసం 2021 జూన్‌లో అనుమతించారు. ఆ అనుమతికి ఆధారమైన ప్రధాన పరీక్షలో సగటు తగ్గుదల శరీర బరువులో దాదాపు 15 శాతం. నిజమే, కానీ అది 68 వారాల లెక్క, పైగా సగటు. కొందరు చాలా ఎక్కువ తగ్గారు, కొందరు కొద్దిగానే తగ్గారు. మందు మోతాదును నాలుగు వారాలకొకసారి పెంచుకుంటూ పూర్తి మోతాదుకు చేరడానికే 16 వారాలు పడుతుంది. చాలా గౌన్లు ఆర్డరు నుంచి చేతికి రావడానికి పట్టే సమయం కూడా సుమారు అంతే. కాబట్టి ఆర్డరు పెట్టే రోజున మీ పెళ్ళినాటి కొలతను చెప్పగలిగేవారు ఎవరూ లేరు, మీ డాక్టరుతో సహా. ఇలాంటివారు కూడా ఇవాళ్టి కొలతకే కొని, వెనుక తాళ్ళున్న నమూనాను తీసుకోవాలి. మందు వేగాన్ని పెళ్ళి తేదీకి సర్దమని డాక్టరును అడగకూడదని వేరే చెప్పనక్కరలేదు.

అపోహ: పెద్దదే తీసుకుంటాను, నిజంగా తగ్గితే చిన్నదానికి మార్చుకుంటాను.

వాస్తవం: ఆర్డరు మీద తయారయ్యే గౌన్లను చాలా కంపెనీలు తిరిగి తీసుకోవు. ఆర్డరు మీద తయారు చేయడమంటే మీ కొలతలకు కుట్టడం అని కూడా కాదు. మీరు చెప్పిన ప్రామాణిక సైజునే, మీరు చెప్పిన తర్వాత కత్తిరిస్తారు, అంతే. మళ్ళీ కొందామన్నా సమయం చాలదు. సమయం ఉన్నా, వేరే విడతలో అద్దిన గుడ్డ రంగు ఒక పిసరు తేడాగా రావచ్చు. అందరూ వరుసలో నిలబడి ఫొటో దిగినప్పుడు ఆ పిసరే కంటికి కొడుతుంది.

అపోహ: గౌను రాగానే దిద్దించేసుకుంటే ఒక పని అయిపోతుంది.

వాస్తవం: రాగానే చేయవలసింది తొడుక్కుని చూడటం, జిప్పు పడుతుందో లేదో తేల్చుకోవడం, టైలరు దగ్గర తేదీ ఖాయం చేసుకోవడం. పెళ్ళిళ్ళు ఎక్కువగా ఉండే సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో చివరి నిమిషంలో వచ్చేవారికి మాలో ఎవరి దగ్గరా ఖాళీ దొరకదు. అసలు పని పెళ్ళికి మూడు నాలుగు వారాల ముందు మొదలవ్వాలి, చివరిసారి తొడిగి చూడటం పెళ్ళి వారంలోకి జరగకుండా చూసుకోవాలి. అంచు మడతను అన్నింటికంటే ఆఖరున వేయాలి, ఎందుకంటే పొట్ట, తుంటి తగ్గితే గౌను కిందికి దిగుతుంది, భుజం దగ్గర ఎత్తితే పైకి వెళుతుంది. పెళ్ళిరోజున వేసుకునే చెప్పులు, లోదుస్తులు ప్రతి ఫిట్టింగుకూ తేవాలి. మొదటి ఫిట్టింగు తర్వాత ఒంటిని కదలనివ్వకుండా ఉంచగలిగితే, అంటే ఆ చివరి వారాల్లో తగ్గడమూ పెరగడమూ మాని ఉన్న బరువును నిలుపుకోగలిగితే, నా పని సగం తేలికవుతుంది.

ఇక తెలుగువారి పెళ్ళిళ్ళ సంగతి. ఇక్కడ జరిగే మన పెళ్ళిళ్ళలో పెళ్ళికూతురు స్నేహితురాళ్ళందరికీ ఒకే రంగు లెహంగాలను హైదరాబాదులో కుట్టించి తెప్పించడం ఇప్పుడు మామూలైంది. బరువు తగ్గుతున్నవారికి ఇది గౌను కంటే ఎన్నో రెట్లు సుఖం, కాకపోతే కుట్టకముందే రెండు మాటలు చెప్పాలి. లెహంగా నడుముకు జిప్పు ఒక్కటే పెట్టి వదిలేయకుండా బొందు కూడా పెట్టమనాలి. జాకెట్టు పక్కలో రెండు అంగుళాల గుడ్డ వదలమనడమే కాకుండా, మగ్గం వర్కును పక్క కుట్టుకు రెండు అంగుళాల ఇవతలే ఆపమనాలి, ఎందుకంటే వర్కు కుట్టు దాకా వచ్చిన జాకెట్టును లోపలికి తీయాలంటే పూసలు, జర్దోసీ తెగకుండా సూది దించడానికి చోటే ఉండదు.