పాట నేర్చుకుంటే ర్యాంకు వస్తుందా, పోతుందా?

అమలాపురంలో గాత్రం, వయొలిన్ చెబుతుంటాను. జూన్ వస్తే చిన్నపిల్లల తల్లిదండ్రులు "సంగీతం నేర్చుకుంటే లెక్కలు బాగా వస్తాయటగా మాస్టారూ?" అని అడుగుతారు. ఇంటర్ పిల్లల వాళ్లది ఇంకో ప్రశ్న: "చదువు పాడవదు కదండీ?"

అపోహ: సంగీతంతో తెలివి, మార్కులు పెరుగుతాయి.

వాస్తవం: ఈ ప్రచారానికి మూలం 1993లో 'నేచర్' పత్రికలో వచ్చిన ఒక చిన్న ప్రయోగం. 36 మంది కాలేజీ విద్యార్థులకు పది నిమిషాలు మోట్సార్ట్ సంగీతం వినిపిస్తే, ఆకారాలను మనసులో ఊహించుకునే పరీక్షలో స్కోరు కాస్త పెరిగింది. పావుగంటలో ఆ పెరిగింది కాస్తా పోయింది. అందులో పసిపిల్లలూ లేరు, సంగీతం నేర్చుకోవడమూ లేదు. 2019లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో లక్షమందికి పైగా విద్యార్థుల రికార్డులు చూస్తే, స్కూల్లో సంగీతం తీసుకున్నవాళ్లకి లెక్కల్లో, సైన్సులో మంచి మార్కులే ఉన్నాయి. కానీ అది సంగీతం వల్లే అని చెప్పలేం. రోజూ ఓపిగ్గా కూర్చునే పిల్లలు, పట్టించుకునే పెద్దలు ఉన్న ఇళ్లే సంగీతంలోనూ ఎక్కువ కాలం నిలుస్తాయి. మార్కుల కోసమే అయితే నా ఫీజు లెక్కల ట్యూషన్‌కి కట్టుకోండి.

అపోహ: ఇంటర్‌లో మాన్పిస్తే చదువుకి టైం కలిసొస్తుంది.

వాస్తవం: మా కోనసీమలో సంగీతం తెగిపోయేది ఇక్కడే. పదో తరగతి అవ్వగానే పిల్లని హాస్టల్లో వేస్తారు. అక్కడ శ్రుతి పెట్టుకోవడానికి ఫోన్ కూడా ఉండదు. దసరా సెలవులకి వచ్చినప్పుడు కూర్చోబెడితే తేడా తెలిసిపోతుంది. సరళీ స్వరాల్ని (మొదటి పాఠాలు) మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో, నింపాదిగా పాడిన పిల్ల రెండో కాలానికే పరుగెడుతుంది. తాళం వేసే చెయ్యి ముందుకి పోతుంది. పై షడ్జం (పై 'స') దగ్గర భుజాలు లేస్తాయి, ఊపిరి చాలదు. సాధన లేకపోతే స్వరం జారుతుంది, నిజమే. ఈ పరుగు మాత్రం టెన్షన్‌ది.

అప్పుడు కొత్త పాఠమేమీ చెప్పను. మాయామాళవగౌళ రాగంలో ఒక్కో స్వరం మీద నిలబెట్టి, ఊపిరి నిదానంగా వదలమంటాను. నిదానంగా వదిలే ఊపిరికి గుండె వేగం తగ్గుతుంది, ఇందులో మహిమేం లేదు. మిగతా రోజంతా ఆ పిల్లని ర్యాంకుతో కొలుస్తారు. ఇక్కడ నిన్న గొంతులో పలకని సంగతి (పాటలో ఒక మెరుగు) ఇవాళ పలికితే చాలు. వారానికి గంట అలాంటిది ఉండనివ్వండి అని నేను వాదించేది ఇంటర్ రెండేళ్ల కోసమే.

అపోహ: సంగీతం ఎప్పుడూ హాయినే ఇస్తుంది.

వాస్తవం: పోటీల సీజన్‌లో మా క్లాసుకొచ్చి చూడండి, చేతులు వణుకుతుంటాయి. బలవంతపు సాధన ఇంకో ట్యూషనే. గుంపుగా పాడేది వేరు. ధనుర్మాసం తిరుప్పావై గోష్ఠిలోనో చర్చి క్వాయర్‌లోనో కొత్తవాళ్లు కూడా తొందరగా కలిసిపోతారు. మాట్లాడని పిల్లల్ని ముందు అక్కడికి పంపమంటాను.

అపోహ: సంగీతమా, ఇంజినీరింగా? ఏదో ఒకటే.

వాస్తవం: మన శంకరగుప్తంలో 1930లో పుట్టిన బాలమురళీకృష్ణ గారి పేరు చెప్పి, బడి మానేస్తానన్న కుర్రాళ్లూ ఉన్నారు! ఆయన బాల మేధావి. తండ్రి విద్వాంసుడు, గురువు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారు. ఆ లెక్క అందరికీ సరిపోదు. కానీ ఇప్పుడు రెండూ కలిపి నడిచే దారులున్నాయి. ఐఐటీ మద్రాస్ 2025-26 నుంచి లలిత కళల్లో ప్రతిభ ఉన్నవాళ్లకి ఒక్కో బీటెక్ కోర్సులో రెండు సీట్లు పెట్టింది, అందులో ఒకటి అమ్మాయిలకే. జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకు మాత్రం తప్పనిసరి. కళలు నేర్చుకునే పిల్లలకి కేంద్ర సంస్థ సీసీఆర్‌టీ ఇచ్చే స్కాలర్‌షిప్‌కి 10 నుంచి 14 ఏళ్లలోపే అప్లై చేయాలి, పదో తరగతిలో గుర్తొస్తే లాభం లేదండి. ఆరో తరగతిలోనే వివరాలు కనుక్కోండి.