నా స్లైడ్ మొత్తం గులాబీ రంగే ఎందుకొచ్చింది

మైక్రోబయాలజీ ల్యాబ్‌లో నాకిచ్చిన మొదటి పని గ్రామ్ స్టెయినింగ్, అంటే బ్యాక్టీరియాకి రంగులు వేసి అది ఊదాగా మిగిలే రకమో గులాబీగా మారే రకమో తేల్చడం. ఇచ్చింది స్టెఫైలోకాకస్ అనే బ్యాక్టీరియా అని ముందే చెప్పేశారు, అంటే ఊదా రంగు రావాలి, పుస్తకంలో ఫోటో కూడా ఉంది, తీరా మైక్రోస్కోప్‌లో చూస్తే ద్రాక్షగుత్తుల్లా గుండ్రటి కణాలు బాగానే కనపడుతున్నాయి గానీ అన్నీ గులాబీ. రికార్డులో మాత్రం ఊదా అనే రాసేశాను (చాలామంది చేసే పనే, ఎవరూ ఒప్పుకోరు అంతే). కానీ ఎందుకలా వచ్చిందా అని వెతకడం మొదలుపెట్టాకే సబ్జెక్ట్ కాస్త తలకెక్కింది, అంతకుముందు రెండు నెలలు పేర్లు బట్టీ పట్టడమే నా చదువు.

స్టెయినింగ్‌లో నాలుగు స్టెప్పులుంటాయి, అందరికీ కంఠతా వచ్చేవే. ముందు క్రిస్టల్ వయొలెట్ (ఊదా రంగు), తర్వాత అయోడిన్, తర్వాత ఆల్కహాల్, చివర్లో సాఫ్రనిన్ (గులాబీ రంగు). వైవాలో ఈ వరుస చెప్తే మార్కులొచ్చేస్తాయి. కానీ లోపల జరిగేది వేరే కథ. క్రిస్టల్ వయొలెట్ అన్ని కణాల్లోకీ దూరిపోతుంది, ఎవరినీ వదలదు. అయోడిన్ వెళ్లి ఆ రంగుతో కలిసి పెద్ద ముద్దలా తయారవుతుంది. అసలు పరీక్ష ఆల్కహాల్ దగ్గరే. గ్రామ్ పాజిటివ్ (ఊదాగా మిగిలే) కణానికి పెప్టిడోగ్లైకాన్ అనే పదార్థంతో కట్టిన మందపాటి గోడ ఉంటుంది, ఆల్కహాల్ తగలగానే ఆ గోడలో నీళ్లు పోయి సందులు ముడుచుకుంటాయి, రంగు ముద్ద లోపలే ఇరుక్కుపోతుంది. గ్రామ్ నెగటివ్‌కి ఆ గోడ పల్చన, దాని బయట కొవ్వుతో చేసిన ఇంకో పొర ఉంటుంది, ఆల్కహాల్‌కి ఆ పొర దెబ్బతిని ఊదా రంగంతా కొట్టుకుపోతుంది, తర్వాత పోసిన సాఫ్రనిన్ వల్ల గులాబీగా కనపడతాయి. నేను ఆల్కహాల్ మరీ ఎక్కువసేపు ఉంచేశాను, అంతసేపు కడిగితే మందపాటి గోడ కూడా రంగు వదిలేస్తుంది. పాతబడిన కల్చర్ (ల్యాబ్‌లో పెంచిన బ్యాక్టీరియా) తీసుకున్నా ఇదే గోల, ముసలి కణాల గోడలు దెబ్బతిని ఉంటాయి కాబట్టి రంగు పట్టుకోలేవు.

ఇక్కడ నాకు భలే నచ్చిన విషయం ఏంటంటే, 1884లో ఈ పద్ధతి ప్రచురించిన హాన్స్ క్రిస్టియన్ గ్రామ్‌కి ఈ గోడల సంగతి తెలియదు. ఆయన డెన్మార్క్ డాక్టర్, బెర్లిన్‌లో పనిచేస్తూ ఊపిరితిత్తుల కణజాలంలో బ్యాక్టీరియా విడిగా కనపడేలా ఏదైనా రంగు వెయ్యాలని చూస్తున్నాడు. కొన్ని బ్యాక్టీరియా రంగు వదిలేయడం చూసి పద్ధతి ఇంకా పూర్తిగా కుదరలేదని తనే రాసుకున్నాడు. ఆయన లోపం అనుకున్నదే ఇవాళ మనకి ఉపయోగం.

పెన్సిలిన్ చాప్టర్ కూడా ఈ గోడ దగ్గరికే వస్తుంది, చాప్టర్ నెంబర్ వేరు కాబట్టి మనకి వేరే విషయంలా అనిపిస్తుంది గానీ. పెన్సిలిన్ చేసేది పెప్టిడోగ్లైకాన్ గోడ కట్టే ఎంజైముల్ని ఆపడం. మన కణాలకి ఆ గోడే లేదు కాబట్టి మందు మన కణాల జోలికి రాదు (ఎలర్జీ సంగతి వేరు). గ్రామ్ నెగటివ్‌ల బయటి పొర చాలా మందుల్ని లోపలికి రానివ్వదు కాబట్టి వాటితో డాక్టర్లకి తిప్పలు ఎక్కువ. ఇదంతా ఆ నాలుగు స్టెప్పుల్లోంచే లాగొచ్చు, విడిగా బట్టీ పట్టక్కర్లేదు.

నాకనిపించేదేంటంటే పుస్తకాలు మనకి సమాధానాలిస్తాయి, ప్రశ్న దాచేస్తాయి. కంటికి కనపడనిది అక్కడ ఉందని, అది ఫలానాదని ఎలా తెలిసింది? ఈ-కొలై అనే బ్యాక్టీరియా పొడవు సుమారు 2 మైక్రోమీటర్లు, అంటే ఒక మిల్లీమీటర్‌లో 500 వరసగా పడతాయి. బేసిక్స్ అని మనం చదివేదంతా ఈ ఒక్క చిక్కుకి జనాలు వేసిన ఉపాయాలే.

ఉదాహరణకి కాలనీ, అంటే ఒక్క కణం నుంచి పుట్టి ఒకేచోట పెరిగిన బ్యాక్టీరియా మచ్చ. నీళ్ల చుక్కలో పదిరకాలు కలిసి ఈదుతుంటే ఏది ఏం చేస్తోందో చెప్పలేం. జర్మన్ డాక్టర్ రాబర్ట్ కాక్‌కి బంగాళదుంప ముక్క మీద విడివిడిగా రంగురంగుల మచ్చలు కనపడ్డాయి, ఒక్కో మచ్చలో ఒకే రకం ఉంది, అంటే గట్టి నేల మీద పడ్డ కణం కదలలేక అక్కడే పిల్లల్ని పెడుతుంది. అయితే అన్ని బ్యాక్టీరియా దుంప మీద పెరగవు, జెలటిన్ వాడితే వెచ్చదనానికి కరిగిపోతుంది, పైగా కొన్ని బ్యాక్టీరియా దాన్ని తినేస్తాయి. ఆ ల్యాబ్‌లో పనిచేసే వాల్టర్ హెస్సె భార్య ఫానీ హెస్సె ఇంట్లో జెల్లీలకి అగర్ (సముద్రపు నాచు నుంచి తీసే పదార్థం) వాడేది, అది పెట్టి చూడమంది. అగర్ కరగాలంటే 85 డిగ్రీల దాకా వేడి కావాలి, ఒకసారి గడ్డకట్టాక 37 డిగ్రీల ఇన్‌క్యుబేటర్‌లో హాయిగా గట్టిగా ఉంటుంది. దానిమీద ఆవిడ పేరు లేదు, 1887లో మూతున్న గిన్నె (పెట్రి డిష్, ల్యాబ్‌లో ప్లేట్ అనేది దీన్నే) గురించి రాసిన పెట్రి పేరు మాత్రం రోజూ మన నోట్లో నానుతుంది, ఇదేం న్యాయమో.

లెక్కపెట్టడం కూడా ఇలాంటి ఉపాయమే. శాంపిల్‌ని పదింతలు చొప్పున ఆరుసార్లు పల్చన చేసి, అందులో 0.1 మిల్లీలీటర్ ప్లేట్ మీద పోస్తే 120 కాలనీలు వచ్చాయనుకోండి, అసలు శాంపిల్‌లో మిల్లీలీటర్‌కి 120 కోట్లున్నట్టు. 30 కన్నా తక్కువొస్తే అది లక్కు కావచ్చు, 300 దాటితే ఒకదానిమీద ఒకటి ఎక్కేస్తాయి, అందుకే 30 నుంచి 300 దాకా ఉన్న ప్లేట్లనే లెక్కలోకి తీసుకుంటాం.

గ్రోత్ కర్వ్ (బ్యాక్టీరియా సంఖ్య కాలంతో ఎలా మారుతుందో చూపే గీత) అంటే నాలుగు దశల బొమ్మ గీసి వదిలేస్తాం, కానీ ఒక్కసారి లెక్క వెయ్యండి. ఈ-కొలై మంచి మీడియాలో (అంటే పెరగడానికి మనం పెట్టే తిండిలో) 20 నిమిషాలకి రెట్టింపవుతుంది, 24 గంటల్లో 72 సార్లు. ఒక్క కణం బరువు గ్రాములో లక్షకోట్ల వంతు అనుకున్నా మర్నాటికి దాదాపు 4,700 టన్నులు అవ్వాలి. అవ్వదు, ఎందుకంటే తిండి అయిపోతుంది, అవి విడిచిన వ్యర్థాలే వాటికి విషమవుతాయి. స్టేషనరీ ఫేజ్ (పెరుగుదల ఆగిపోయే దశ) అంటే అదే, ఆ గీత అడ్డంగా ఎందుకు తిరిగిందో ఈ లెక్క వేశాక మళ్లీ మర్చిపోలేదు.

ఇంకో మాట, ప్లేట్ మీద ఏమీ పెరగలేదంటే శాంపిల్‌లో ఏమీ లేదని కాదు. మట్టిని మైక్రోస్కోప్ కింద పెట్టి లెక్కపెడితే, ప్లేట్ మీద వచ్చేవాటికి వందరెట్లు కనపడతాయి, మిగతావాటికి మనం పెట్టే తిండి నచ్చదు, లేదా పక్కనున్న వేరే బ్యాక్టీరియా సాయం లేకుండా బతకవు.

ఆ గులాబీ స్లైడ్ మళ్లీ చేశాను, ఈసారి ఒకే స్లైడ్ మీద మూడు చుక్కలు. ఒక చివర తాజా స్టెఫైలోకాకస్, ఇంకో చివర ఈ-కొలై, మధ్యలో ఏంటో తెలియని కల్చర్. చివరివి రెండూ ఊదా, గులాబీ సరిగ్గా వస్తేనే మధ్యది నమ్మొచ్చు. ఆల్కహాల్‌ని చుక్కలు చుక్కలుగా వేసి, కిందకి కారే రంగు ఆగగానే నీళ్లు పోసేశాను. స్టెఫైలోకాకస్ ఊదాగానే వచ్చింది, మధ్యది గులాబీ. రికార్డులో గులాబీ అనే రాశాను.