తండా పిల్లల భాష ఎందుకు లెక్కలోకి రాలేదు

1823లో బళ్లారి కలెక్టర్ ఎ.డి. క్యాంప్‌బెల్ తన జిల్లా బడుల లెక్క మద్రాసుకు పంపాడు. ఇప్పటి అనంతపురం ప్రాంతం అప్పట్లో ఆ జిల్లా కిందే ఉండేది. విడి జిల్లా అయింది 1882లో. మొత్తం 533 బడులు. కన్నడం 235, తెలుగు 226, మరాఠీ 23, పారసీ 21, తమిళం 4. మిగిలినవాటిలో ఒక్కటి తప్ప అన్నీ సంస్కృత విద్యకు, ఆ ఒక్కటి ఇంగ్లీషుకు. 6,641 మంది పిల్లల్లో ఆడపిల్లలు 60 మందే. ఇన్ని భాషల బడుల్లో తండాల్లో ఉండే సుగాలీల, అంటే లంబాడీల, ఇంటిభాష గోర్‌బోలి ఎక్కడా కనపడదు.

క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణం రాసినవాడు. అందుకే ఇంకో సంగతి పట్టుకున్నాడు. పుస్తకాల భాష వేరు, పిల్లలు మాట్లాడే భాష వేరు. పద్యాలు గడగడా అప్పజెప్తారు గానీ, వాటి అర్థం చిలకకు తెలిసినంతే తెలుసు అని రాశాడు.

1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్లారి మైసూరుకు పోయింది, ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటు వచ్చాయి. కన్నడ ఊళ్లు కొన్ని మనవైపే ఉండిపోయాయి. కడప, కర్నూలులో నవాబుల కాలం నుంచీ ఉర్దూ ఉంది. ఇలాంటి పిల్లల కోసం 1949లోనే రాష్ట్రాల విద్యామంత్రులు ఒక లెక్క పెట్టుకున్నారు: తరగతిలో 10 మంది గానీ, బడిలో 40 మంది గానీ ఉంటే వాళ్ల భాషలో చెప్పే టీచరును ఇవ్వాలి. 1956లో రాజ్యాంగంలో 350ఎ అధికరణం వచ్చి, ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాటు చూడమంది. కన్నడ, ఉర్దూ మీడియం బడులు నిలబడ్డాయంటే ఈ అండ ఉండబట్టే.

తండాకు మాత్రం ఆ లెక్క పనికిరాలేదు. బడిలో 40 మందీ సుగాలీ పిల్లలే అయినా గోర్‌బోలికి సొంత లిపి లేదు, వాచకం లేదు, కాబట్టి మీడియమూ లేదు. ఒకటో తరగతి పిల్లకు కడుపు నొప్పి వస్తే అయ్యవారికి ఏ మాటల్లో చెప్పాలో తెలియక మూల కూర్చుంటుంది. ఆయన ఆ పిల్లకు చదువు మీద ధ్యాస లేదనుకుంటాడు. అదే పిల్ల గుత్తి దగ్గరి సేవాగఢ్ జాతరకు పోయి వస్తే తమ వాళ్లు కొలిచే గురువు సేవాలాల్ కథ ఆపకుండా చెప్తుంది. ఆ కథ వినే తీరిక, వింటే అర్థమయ్యే భాష బడిలో ఎవరికీ లేవు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే.

2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 8 గిరిజన భాషల్లో చదువు మొదలుపెట్టింది. వాటిలో లంబాడీ, అంటే ఈ గోర్‌బోలి కూడా ఉంది, కానీ ఆ ప్రయత్నం ముఖ్యంగా ఏజెన్సీ వైపు, అంటే కొండ, అడవి ప్రాంతాల గిరిజన ఊళ్లలో సాగింది. 2019లో ఇంగ్లీషు మీడియం జీవో వచ్చింది, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది. రాష్ట్రమంతా తెలుగా, ఇంగ్లీషా అని వాదించుకుంది. ఇంట్లో ఈ రెండూ మాట్లాడని పిల్లల ఊసు ఆ గొడవలో పెద్దగా రాలేదు.

ఇన్నేళ్లూ మనం మీడియం గురించే మాట్లాడాం, టీచరుకు ఏం తెలిసుండాలన్నది పట్టించుకోలేదు. తండాల్లో పుట్టి డీఎస్సీ రాసి టీచర్లయిన సుగాలీ యువతీయువకులు ఇప్పుడు ఉన్నారు. బదిలీ కౌన్సెలింగ్‌లో సర్వీసుకు పాయింట్లున్నాయి, భార్యాభర్తలు ఒకచోట ఉండాలంటే పాయింట్లున్నాయి. పిల్లల భాష వచ్చినందుకూ పాయింట్లు ఇస్తే, వాళ్లలో కొందరైనా తండా బడులకే వస్తారు.