మీటరు పరిగెట్టదు మామ్మగారూ (కరెంటు బిల్లు: అపోహలు - వాస్తవాలు)

ఎండాకాలం బిల్లులు చేతికొచ్చే వారం నా ఫోనుకి తీరికుండదు. విజయనగరంలో ఇళ్ల వైరింగు పని చేస్తూ ఇరవై ఏళ్లు దాటింది, ఎక్కువగా వినే మాట మాత్రం మారలేదు: "ఏటి బాబూ, మా మీటరు పరిగెడతాంది, ఓపాలి వచ్చి సూడు."

అపోహ: బిల్లు పెరిగిందంటే మీటరు స్పీడుగా తిరుగుతోంది.

కాదు. నేను చూసిన ఇళ్లలో మీటరుదే తప్పని తేలినవి వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. పాత చక్రం మీటర్లు అరిగిపోయి నెమ్మదించేవి, చిన్నచిన్న వాడకాన్ని పట్టేవి కావు. అది తీసి ఎలక్ట్రానిక్ మీటరు పెట్టగానే బిల్లు పెరిగిందంటే ఇన్నాళ్లూ పాతది కుంటిందని చాలాసార్లు అర్థం. నమ్మకం లేకపోతే మీరే చూసుకోండి. మీటరు మీద యూనిట్‌కి 3200 ఇంపల్సులనో, వేరే అంకో రాసి ఉంటుంది. 3200 అయితే మీటరు మీద మెరిసే చిన్న లైటు అన్నిసార్లు మెరిస్తే ఒక యూనిట్. ఇంట్లో అన్నీ ఆపేసి, వెయ్యి వాట్ల హీటర్ రాడ్ ఒక్కటే బకెట్లో పెట్టి నిమిషంపాటు లెక్కపెడితే 53 దగ్గర్లో రావాలి, వోల్టేజీ తక్కువుంటే ఇంకాస్త తగ్గుతుంది. (స్విచ్ ఆపి ప్లగ్ తీసేదాకా ఆ నీళ్లలో చెయ్యి పెట్టొద్దు.) డెబ్భై, ఎనభై వస్తే మీటరు టెస్టింగుకి అర్జీ పెట్టండి, నేనే వచ్చి సాక్ష్యం చెప్తాను.

గంటస్తంభం దగ్గర సందులో ఒక మామ్మగారు, ఒంటరి మనిషి, రెండు ఫ్యాన్లూ ఫ్రిజ్జూ తప్ప ఏమీ లేవు. బిల్లు రెట్టింపయిందని రాత్రిళ్లు ఫ్యాను ఆపుకొని విసనకర్రతో పడుకుంటున్నారు, ఆ ఉక్కపోతలో! బిల్లు తగ్గిస్తుందని ఎవరో చెప్తే పదిహేను వందలు పోసి 'పవర్ సేవర్' డబ్బా కూడా కొన్నారు. నేను వెళ్లి ఆవిడ మెయిన్ ఆపానో లేదో, పై పోర్షన్ నుంచి కేక: "కరెంటు పోయింది!" మేడమీద బాత్రూమ్ గీజరు లైను కింది మీటరుకి కలిసి ఉంది. కొత్తగా దిగినవాళ్లకి ఇద్దరు చిన్నపిల్లలు, పొద్దున్న గంటా సాయంత్రం గంటా వేడినీళ్లు. రెండు వేల వాట్ల గీజరు రోజుకి గంటన్నర కాగినా నెలకి 90 యూనిట్లు. ఇంటిని పోర్షన్లుగా చీల్చి అద్దెకిచ్చే మన పాత వీధుల్లో ఇది మామూలే. అప్పట్లో ఆ వైరింగు చేసిందెవరని అడక్కండి, మా మేస్త్రీయే. నేను హెల్పర్ని.

ఆ డబ్బా విప్పి చూపించాను. లోపల ఒక బుల్లి కెపాసిటరు, ఒక పచ్చ లైటు, అంతే. కెపాసిటరు పవర్ ఫ్యాక్టరుని (లాగిన కరెంటులో నిజంగా పనికొచ్చే వంతు) సవరిస్తుంది, అది ఫ్యాక్టరీలకి లాభం. ఇళ్లకి బిల్లు వాడిన యూనిట్ల మీదే కాబట్టి దాంతో ఒక్క పైసా తగ్గదు. ఇవి అమ్మేవాళ్ల మీద నాకున్న కోపం ఇక్కడ రాస్తే బాగుండదు.

ఇక మిగతావి.

ఒక్క యూనిట్ దాటితే బిల్లంతా పై స్లాబు రేటుకి పోతుందట. 2022కి ముందు వాడకాన్ని బట్టి గ్రూపులుండేవి, గ్రూపు మారితే రేట్లూ మారేవి కాబట్టి ఆ భయం ఊరికే పుట్టలేదు. ఆ ఏడాది ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన టారిఫ్‌లో ఏ స్లాబు యూనిట్లకి ఆ స్లాబు రేటే. 125 యూనిట్లకి 417 రూపాయలు, 126 అయితే 423. ఫిక్స్‌డ్ చార్జీ, డ్యూటీ, ట్రూఅప్ (పాత ఖర్చుల సర్దుబాటు) వేరు. ఈ ఆరు రూపాయల కోసం నెలాఖరున ఫ్రిజ్జు ఆపి కూరలు పాడుచేసుకోకండి.

ఏసీ 18లో పెడితే గది తొందరగా చల్లబడదు. మామూలు ఏసీ 24లో పెట్టినా అదే వేగంతో చల్లబరుస్తుంది, 18లో పెడితే ఆగదు, అంతే తేడా.

జీరో బల్బు సున్నా వాట్లు కాదు. పాత రకం పన్నెండు నుంచి పదిహేను వాట్లు తాగుతుంది, తీసేసి ఎల్‌ఈడీ పెట్టుకోండి.

అన్నట్టు, మామ్మగారి గీజరు లైను ఆ రోజే విడదీశాను, డబ్బులు తీసుకోలేదు, మా మేస్త్రీ తప్పు కదా. ఆ డబ్బా మాత్రం తీయనివ్వలేదు. దేవుడిగదిలో పచ్చలైటు బాగుందట.