సోలార్ పవర్ బ్యాంకు: ప్యానెల్ ఎండలో, బ్యాటరీ నీడలో

సోలార్ పవర్ బ్యాంకు కొనేముందు ఒక చిన్న లెక్క వేసుకోవాలి. మబ్బులేని మిట్టమధ్యాహ్నం, సూర్యుడికి ఎదురుగా ఉన్న ఒక చదరపు మీటరు మీద సుమారు 1000 వాట్ల ఎండ పడుతుంది. పవర్ బ్యాంకు వీపున ఉండే ప్యానెల్ అరచేయంత, మహా అయితే 100 చదరపు సెంటీమీటర్లు. అంటే చదరపు మీటరులో వందో వంతు. దాని మీద పడేది 10 వాట్లు. మంచి మోనోక్రిస్టలైన్ (ఒకే స్ఫటికం నుంచి కోసిన) సిలికాన్ ప్యానెల్ అందులో ఐదో వంతును కరెంటుగా మారుస్తుంది. చేతికొచ్చేది 2 వాట్లు. అదీ అన్నీ కలిసొస్తేనే. మామూలుగా ఒకటి, ఒకటిన్నర దగ్గరే ఆగిపోతుంది.

ఇక బ్యాటరీ సంగతి. డబ్బా మీద 20,000 ఎంఏహెచ్ (మిల్లీయాంప్ అవర్లు, బ్యాటరీలో ఎంత చార్జ్ పడుతుందో చెప్పే కొలత) అని పెద్ద అక్షరాల్లో వేస్తారు. దాన్ని లోపలి లిథియం సెల్ వోల్టేజీ 3.7తో గుణించి, 1000తో భాగిస్తే 74 వాట్ అవర్లు వస్తాయి. ఒక వాటు చొప్పున గంటసేపు అందే శక్తి ఒక వాట్ అవర్. ఒకటిన్నర వాట్లతో 74 నింపాలంటే దాదాపు 50 గంటల నిండు ఎండ కావాలి. రోజుకు ఐదు గంటలు గట్టి ఎండ దొరికిందనుకున్నా పది రోజులు! చార్జింగ్‌లో పోయే నష్టం ఇంకా కలపలేదు.

రేపు మంచి ప్యానెల్ వస్తే ఈ లెక్క మారదా? పెద్దగా మారదు. 1954లో అమెరికా పరిశోధనశాల బెల్ ల్యాబ్స్ చూపించిన సిలికాన్ సోలార్ సెల్ సామర్థ్యం 6 శాతం. ఇప్పటివి 20 దాటాయి. కానీ ఒకే పొర సిలికాన్‌కు భౌతికశాస్త్రం గీసిన గీత సుమారు 29 శాతం దగ్గరుంది. అక్కడిదాకా వెళ్లినా అరచేయంత ప్యానెల్ ఇచ్చేది 3 వాట్లలోపే. కాబట్టి ‘ఎండలో పెడితే సాయంత్రానికి ఫుల్’ అనే ప్రకటన కనిపిస్తే నమ్మకండి.

దీనికన్నా పెద్ద చిక్కు వేడి. ప్యానెల్‌కు మండే ఎండ కావాలి, దాని వెనకే అతుక్కున్న లిథియం బ్యాటరీకి నీడ కావాలి. ఈ బ్యాటరీలను మామూలుగా 0 నుంచి 45 డిగ్రీల మధ్యే చార్జ్ చేయాలి. నల్లటి డబ్బా గట్టి ఎండలో గంటసేపు ఉంటే ఆ హద్దు సులువుగా దాటేస్తుంది. ముట్టుకుంటేనే తెలిసిపోతుంది, చెయ్యి పెట్టనివ్వదు. ఆ వేడికి లోపలి ద్రవం విచ్ఛిన్నమవుతుంది, బ్యాటరీ నిల్వ శక్తి శాశ్వతంగా తగ్గుతుంది, వాయువులు పుట్టి ఉబ్బొచ్చు కూడా. ప్యానెల్‌కూ వేడి పడదు. 25 డిగ్రీలు దాటాక పెరిగే ప్రతి డిగ్రీకీ దాని ఉత్పత్తి 0.3 నుంచి 0.4 శాతం పడిపోతుంది. కారు డ్యాష్‌బోర్డ్ మీద పెట్టడం మరీ అన్యాయం. అద్దం కొంత ఎండను ఆపేస్తుంది, వేడిని మాత్రం లోపలే పట్టి ఉంచుతుంది.

అందుకే నా ఓటు రెండూ విడివిడిగా కొనడానికే. 20 వాట్ల పైచిలుకు మడత ప్యానెల్ ఒకటి, మామూలు పవర్ బ్యాంకు ఒకటి. ప్యానెల్ ఎండలో పరుచుకుంటుంది, కేబుల్ చివర బ్యాంకు సంచి నీడలో ఉంటుంది. మంచి ఎండలో ఇలాంటి ప్యానెల్ నుంచి పది, పన్నెండు వాట్లు రావడం మామూలే. ఒకటిన్నర, రెండు రోజుల్లో బ్యాంకు నిండుతుంది. ఫోన్‌ను నేరుగా ప్యానెల్‌కు తగిలించకండి. మబ్బు వచ్చి పోయాక కొన్ని ఫోన్లు తక్కువ కరెంటు దగ్గరే ఉండిపోతాయి. బ్యాంకును నింపి, రాత్రి దాన్నుంచి ఫోన్‌ను నింపుకోవాలి.

ప్యానెల్‌ను బ్యాగుకు కట్టుకుని నడిస్తే ఫొటోకు బాగుంటుంది, కరెంటుకు కాదు. ఎండ 60 డిగ్రీలు పక్కకు వాలి పడితే దిగుబడి సగమైపోతుంది. ప్యానెల్‌లోని సెల్స్ వరసగా కలిపి ఉంటాయి కనుక ఒక్క సెల్ మీద పట్టీ నీడ పడినా, నీళ్ల పైపును ఒకచోట నొక్కిపట్టినట్టు, వరస మొత్తం నీరసిస్తుంది. ఆగిన చోట పరవడమే మేలు. సరిగ్గా ఎటు తిప్పాలో తెలియాలంటే ప్యానెల్ మీద ఒక పెన్ను నిటారుగా నిలబెట్టండి. నీడ పెన్ను అడుగుకు కుదించుకుపోయేదాకా ప్యానెల్‌ను వంచండి. అప్పుడది సూర్యుడికి ఎదురుగా ఉన్నట్టే. గంటకోసారి చూసుకుంటే చాలు.

కొనేటప్పుడు పెద్ద అంకె వదిలేసి, డబ్బా వెనక చిన్న అక్షరాల్లో ఉండే ‘రేటెడ్ కెపాసిటీ’ చూడండి. 3.7 వోల్టులను 5 వోల్టులకు పెంచడంలో పోయేది పోగా, 20,000 అన్న దాని పక్కన 12,000 చిల్లర కనిపిస్తుంది. మోసమేమీ లేదు, వోల్టేజీ మారింది, కొంత వేడిగా పోయింది. 5000 ఎంఏహెచ్ ఫోన్‌ను అది నాలుగుసార్లు కాదు, సుమారు మూడుసార్లు నింపుతుంది (ఆ 12,000 చిల్లర 5 వోల్టుల లెక్క, ఫోన్ 5000 మాత్రం అంతకన్నా తక్కువ వోల్టేజీ లెక్క, అందుకే నేరుగా భాగించకూడదు). నీళ్ల భయం ఉంటే ఐపీ67 అని ఉందేమో చూడండి. దుమ్ము లోపలికి పోదు, మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా తట్టుకుంటుంది. అయితే ఛార్జింగ్ రంధ్రం మూత సరిగ్గా మూసి ఉండాలి. ఎండ తగలగానే వెలిగే పచ్చ లైటును చూసి మురిసిపోవద్దు, దానికి పిసరంత కరెంటు చాలు.

రెండు మూడు రోజుల ప్రయాణానికి సోలార్ గొడవే అక్కర్లేదు. ఇంట్లో నిండుగా చార్జ్ చేసిన బ్యాంకు, సిగ్నల్ లేని చోట ఏరోప్లేన్ మోడ్ ఉంటే టెన్షన్ ఉండదు. టవర్ కోసం వెతికే ఫోనే బ్యాటరీని తినేస్తుంది. విమానంలో పవర్ బ్యాంకు చేతి సంచిలోనే ఉండాలి. 100 వాట్ అవర్ల వరకు, అంటే సుమారు 27,000 ఎంఏహెచ్ దాకా, సాధారణంగా విడిగా అనుమతి అక్కర్లేదు. 100 నుంచి 160 మధ్య అయితే విమాన సంస్థ ఒప్పుకోవాలి.

మంచు ప్రాంతాల్లో సమస్య తిరగబడుతుంది. సున్నా కన్నా తక్కువలో చార్జ్ చేస్తే లోపల లిథియం లోహపు పూతగా పేరుకుని బ్యాటరీ పాడవుతుంది. అక్కడ రాత్రి బ్యాంకును స్లీపింగ్ బ్యాగ్‌లో ఒంటికి దగ్గరగా పెట్టుకుని, పొద్దున వెచ్చబడ్డాకే ప్యానెల్‌కు తగిలించాలి. ఇంటికొచ్చాక సగం చార్జ్‌తో చల్లటి చోట దాచండి. ఎప్పుడైనా డబ్బా ఉబ్బినట్టు కనిపిస్తే చార్జ్ చేయకండి, చెత్తబుట్టలోనూ వేయకండి, ఈ-వ్యర్థాలు తీసుకునే చోట ఇచ్చేయండి.